చప్పుడు లేని బండి

కరస్పాండెంట్ నారాయణప్ప ఇంటి మెట్లు ఎత్తుగా ఉంటాయి. గురునాథం నడవలేని కూతురు ఇందుమతిని రెండు చేతుల మీదా ఎత్తుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ పైకి వచ్చాడు. వసారాలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో నారాయణప్ప కూర్చుని ఉన్నాడు. పక్కన బెంచీ ఉంది గానీ దాని నిండా పత్తి మచ్చుల సంచులు పరిచి ఉన్నాయి. వాటిని ఎవరూ తియ్యలేదు. కూతుర్ని దింపడానికి చోటు లేక గురునాథం అట్లాగే నిలబడ్డాడు.

"రా సామీ. ఏంది, పొద్దున్నే తండ్రీబిడ్డా ఇట్లొచ్చినారు?" అన్నాడు నారాయణప్ప.

తండ్రి మెడ చుట్టూ ఉన్న చేతిని ఇందుమతి కొంచెం వదులు చేసింది. ఊపిరి అందక ఆయన గొంతు కదలడం ఆమె మోచేతికి తెలుస్తూనే ఉంది.

"లక్ష్మీకాంతమ్మగారు దిగిపోతాండారు గదా సార్. ఆమె తర్వాత బళ్లో సీనియర్ని నేనే. హెడ్మిస్ట్రెస్ పని నాకిస్తారేమో అడుగుదామని వచ్చినా."

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడు ఊళ్లలోనూ ఆడపిల్లల బళ్లు నడిపే విద్యాసంఘానికి నారాయణప్ప పెద్ద. పత్తి వ్యాపారం ఆయనది. పొలాలూ ఉన్నాయి. బళ్ల విషయంలో ఆయన మాటే చెల్లుతుంది. చెడ్డవాడని ఎవరూ అనరు. వరదొచ్చిన ఏడు బడి గోడ కూలితే సొంత మనుషుల్ని పెట్టి కట్టించాడు.

"నువ్వు బాగా చెప్తావని అందరూ అంటాండారమ్మా. కాదనను. అయితే హెడ్మిస్ట్రెస్సంటే ఊరికే కుర్చీలో కూర్చునేది కాదు గదా. అన్ని క్లాసులూ చుట్టి రావల్ల. ఆఫీసులకు పోవల్ల. బడికి రాని పిల్లల ఇండ్లకు పోయి అడగల్ల. నిన్ను యాడికి పోవాలన్నా ఒకరు ఎత్తుకోవల్ల. మీ నాయన ఎన్నాళ్లని ఎత్తుకుంటాడు చెప్పు?"

ఆయన ఇంకా చాలా చెప్పాడు. జమ్మలమడుగు బళ్లో పిల్లలు తగ్గారని, పులివెందులలో ఉండే టీచరు పెళ్లి చేసుకుని వెళ్లిపోయిందని, ఆడవాళ్లను ఆ ఊరికి ఒప్పించి పంపడం ఎంత కష్టమో చెప్పాడు. ఆ మాటలు సాగినంతసేపూ గురునాథం కూతుర్ని ఎత్తుకునే ఉన్నాడు. ముందు ఆయన మోకాళ్లు వణికాయి. తర్వాత చేతులు వణికాయి. ఇందుమతి తన బరువునంతా తండ్రి భుజం మీదికి లాక్కోవాలని చూసింది. బరువు ఎక్కడికి మార్చినా అది ఆయన మీదే ఉంది.

"నీ అంతట నువ్వు వచ్చి పొయ్యేదానివైతే నాకేమన్నా అడ్డమా తల్లీ?" అన్నాడు నారాయణప్ప చివరికి, నిజంగానే జాలిగా.

మెట్లు దిగేటప్పుడు గురునాథం ఒకసారి గోడకు ఒరిగాడు. జట్కాలో కూర్చోబెట్టాక ఆమె కుచ్చిళ్లు సర్ది, పాదాలు రెండూ లోపలికి పెట్టి, తను ముందు వైపు ఎక్కాడు. బడి దగ్గర దిగేటప్పుడు ఆయన మామూలుగానే చేతులు చాచాడు. ఇందుమతి మాత్రం ఆ చేతుల వంక చూస్తూ కొంచెంసేపు కదల్లేదు.

*

వలి బాషా బ్యాటరీల అంగడి ప్రొద్దుటూరులో ఇందుమతి వాళ్ల వీధి చివరే ఉంది. బస్సులవీ లారీలవీ రేడియోలవీ బ్యాటరీలు బల్ల మీద వరసగా పెట్టి, తీగలతో ఒకదానికొకటి తగిలించి, రాత్రింబగళ్లు ఛార్జి ఎక్కిస్తుంటాడు. అక్కడికి పోతే ముక్కులు మండే ఆసిడ్ వాసన, బ్యాటరీల్లో సన్నగా నీళ్లు మరిగినట్టు చప్పుడు. అతని లుంగీల నిండా ఆసిడ్ తిన్న చిల్లులు.

బడి రేడియో బ్యాటరీ తెచ్చిన రోజున ఇందుమతి అతన్ని అడిగింది. "బస్సు ఇంజన్ను కదిలించేంత శక్తి బస్సు బ్యాటరీలో ఉందంటివి గదా. ఒక మనిషిని మోసుకుపోలేదా?"

వలి బాషా నవ్వాడు. మరునాడు మాత్రం తనే ఇంటికి వచ్చాడు. మిలిటరీ వాళ్లు అమ్మేసిన సామాన్లలో కొన్న లారీ డైనమో ఒకటి ఏళ్లుగా అతని అంగడి మూలలో పడి ఉంది. "ఇంజను తిప్పితే ఇది కరెంటిస్తాది టీచరమ్మా. మనం కరెంటిస్తే ఇదే తిరుగుతాది. నిన్న తిప్పి చూసినా," అన్నాడు. అతని కళ్లలో నిద్ర లేదు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఆదివారాలన్నీ ఆ పనికే పోయాయి. వెనక రెండు మోటారుసైకిలు చక్రాలు, ముందొక సైకిలు చక్రం. పాత బస్సు సీటు ఒకటి, దాని కింద రెండు బస్సు బ్యాటరీలు. డైనమోకూ వెనక ఇరుసుకూ గొలుసు. కాలితో చెయ్యవలసిన పని ఒక్కటి కూడా ఉండకూడదని ఇందుమతి మొదటే చెప్పింది. అందుకని బ్రేకు చేతికందేటట్టు పెట్టాడు. కుడిచేతి దగ్గర మూడు గుర్తులున్న స్విచ్చి బిగించాడు. మొదటి గుర్తుకు బండి మనిషి నడకంత వేగంతో పోతుంది. మూడో గుర్తుకు జట్కాతో సమానంగా పోతుంది.

మొదటిసారి పత్తి జిన్నింగు మిల్లు వెనక ఉన్న గట్టి బాట మీద నడిపి చూశారు. స్విచ్చి తిప్పితే పెద్ద చప్పుడవుతుందని ఇందుమతి పళ్లు బిగించుకుంది. గొలుసు గలగలమంది. అంతే. మిల్లు గోడ మెల్లగా వెనక్కి పోవడం మొదలుపెట్టింది. గోడ కదులుతోందేమిటా అనుకుంది ఒక క్షణం. తర్వాత తెలిసింది, కదులుతోంది తనేనని.

గురునాథం బండి కమ్మీ పట్టుకుని పక్కనే పరిగెత్తాడు. "పడతావమ్మా, పడతావు" అంటూనే ఉన్నాడు. బాట చివర చేతిబ్రేకు లాగి ఆపేసరికి ఆయన ఒగరుస్తూ కూలబడ్డాడు.

"నాయనా, కమ్మీ వదిలెయ్ ఇంగ," అందామె నవ్వుతూ.

వలి బాషా వచ్చి, గొట్టంతో ఒక్కో బ్యాటరీలోని ద్రవాన్ని పైకి లాగి, అందులో తేలే గాజుబుడ్డి ఎంత మునిగిందో చూశాడు. "మనం పోయింది శానా దూరం. తిన్నది రోంతే," అన్నాడు సంబరంగా. "గుర్రం నిలబడుకున్నా తింటాది. పెట్రోలు బండి నిలబడుకున్నా తాగుతాది. ఇది నిలబడితే ఏమీ తినదు టీచరమ్మా. ఎత్తు మీదికి పొయ్యేటప్పుడే ఆకలెక్కువ. దిగుడు వచ్చినప్పుడు స్విచ్చి ఆపెయ్, ఊరికే పోతాది. చక్రాల్లో గాలి తగ్గనీవద్దు."

సాయంత్రం బ్యాటరీలు విప్పి అంగడికి తీసుకుపోవడం, తెల్లారి తెచ్చి బిగించడం తన పని అన్నాడు. అన్నట్టే చేశాడు. ఛార్జికి అయ్యేది జట్కాకిచ్చే దాంట్లో నాలుగో వంతు కూడా లేదు.

బళ్లో లక్ష్మీకాంతమ్మ మెట్ల మీద వాలుగా చెక్క పలకలు వేయించింది. ఇందుమతి బండి మొదటిరోజు ఆ పలకల మీద వసారాలోకి ఎక్కి, క్లాసు గుమ్మం ముందు ఆగితే పిల్లలు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం ఆమె అయిదో తరగతికి తనే పోయింది. తర్వాత నాలుగో తరగతికి పోయింది. బావి దగ్గరికి పోయి ఊరికే చూసి వచ్చింది. ఇన్నేళ్లుగా పనిచేస్తున్న బళ్లో బావి ఎట్లా ఉంటుందో ఆమె చూడలేదు.

ఆ సాయంత్రం గంట కొట్టాక ఇంటివైపు తిరగవలసిన చోట తిరగకుండా, బండిని నేరుగా పెన్న ఒడ్డుకు పోనిచ్చింది. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చింది. జట్కా గుర్రమైతే బెదిరేది. బస్సయితే హారను కొట్టి దుమ్ము లేపేది. బండి చప్పుడు చెయ్యకుండా ఆగింది. ఒక గొర్రెపిల్ల ముందు చక్రాన్ని వాసన చూసి వెళ్లిపోయింది. ఒడ్డున ఏటి ఇసుకంతా ఎర్రటి ఎండలో వెలుగుతోంది. ఎక్కడో ఒక పాయ మాత్రం నీళ్లతో ఉంది. ఇప్పుడు తానెక్కడుందో ఈ లోకంలో ఎవరికీ తెలియదనుకుంది. ఆ ఆలోచనకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దు వాలేదాకా అక్కడే ఉంది.

ఇంటికి వచ్చేసరికి గురునాథం వాకిట్లో నిలబడి ఉన్నాడు. అలవాటు చొప్పున బడి విడిచే వేళకు బయలుదేరి, సగం దారి పోయి, గుర్తొచ్చి వెనక్కి తిరిగి వచ్చాడట.

"యాడికి పోయినావమ్మా?"

"ఏటికి."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే నాయనా."

ఆయన నవ్వాడు. మళ్లీ ఏదో అడగబోయి, లోపలికి పోయి దీపం స్విచ్చి వేశాడు. ఆయన కాస్త వంగి, ఎడమచేత్తో పొత్తికడుపు పక్కన అదిమి పట్టుకుని నడుస్తున్నాడని ఇందుమతి అప్పుడే చూసింది. ఇన్నాళ్లూ ఆయన నడిచే పద్ధతి ఆమెకు కనబడలేదు. నడిచేటప్పుడల్లా తను ఆయన చేతుల్లోనే ఉండేది.

అడిగితే ఏం లేదన్నాడు. మరీ మరీ అడిగితే, చాలా రోజులుగా గజ్జల దగ్గర వాపుందని ఒప్పుకున్నాడు. "నేను ఆసుపత్రికి పోతే నిన్ను బడికి ఎవరు తీసుకపోతారు?" అన్నాడు.

ఆ వారంలోనే ఆమె ఆయన్ను బస్సెక్కించి జమ్మలమడుగు ఆసుపత్రికి పంపింది. డాక్టరమ్మ చూసి, పేగు జారిందని, ఈ వయసులో ఆపరేషన్ కంటే జాగ్రత్తగా ఉండడమే మేలని, ఇక జన్మలో బరువెత్తకూడదని చెప్పింది. నడుముకు బిగించుకోవడానికి పట్టీ ఇచ్చింది. గురునాథం ఆ సంగతి కూతురికి చెబుతూ, ఏదో పోగొట్టుకున్నవాడిలా తన రెండు అరచేతుల వంక చూసుకున్నాడు.

"పోనీలే నాయనా. ఇంగ ఎత్తే పనేముంది మనకు?" అంది ఇందుమతి.

*

నారాయణప్ప బడికి వచ్చిన రోజున బండి వసారాలోనే ఉంది. ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీటు తట్టి చూశాడు. కింద బ్యాటరీల వైపు వంగి చూశాడు. ఇందుమతిని నడిపి చూపించమన్నాడు. ఆమె పలకల మీద కిందికి దిగి, ఆవరణంతా ఒక చుట్టు తిరిగి, మళ్లీ పైకెక్కి ఆయన ముందు ఆపింది.

"అబ్బ! చప్పుడే లేదు గదమ్మా!" అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం అబద్ధం కాదు. "ఇంగ నీకేమి తల్లీ? యాడికన్నా పోవచ్చు."

"ఎవరి సాయమూ లేకుండా వచ్చి పోతాండా సార్," అంది ఆమె. ఆ మాట ఎప్పటినుంచో మనసులో అనుకుంటూ ఉన్నదే.

"చూస్తాండా గదా. అందుకే నీ మాట కాదనకూడదని అనుకున్న్యా. నిన్ను హెడ్మిస్ట్రెస్సును చేస్తాండా." ఆమె చేతులు జోడించబోయింది. ఆయన ఆగకుండా, "పులివెందులకు," అన్నాడు.

పక్కన నిలబడి ఉన్న లక్ష్మీకాంతమ్మ చేతిలోని తాళాల గుత్తి ఒకసారి గలగలమని ఆగిపోయింది.

"ఈడ సుశీలమ్మ చూసుకుంటాది. మా బావమరిది కోడలు, బి.ఏ. చదివింది. సంసారం ఈ ఊళ్లోనే గదా, ఆయమ్మను బయటి ఊరికి పంపేదెట్ల? పులివెందులకు పొమ్మంటే ఒక్క టీచరూ ఒప్పుకోదు. బడి మూతబడేట్టుంది. నీవంటి పట్టుదల కలిగిన మనిషే కావల్ల ఆడికి."

"పులివెందులలో కరెంటు లేదు సార్," అంది ఇందుమతి.

"కరెంటు లేకుంటే ఏమి? లాంతర్లు లేవా?"

"దీపానికి కాదు. బండికి. రోజూ సాయంత్రం ఛార్జి చెయ్యల్ల. కరెంటు లేకుంటే ఇది కదలదు."

నారాయణప్ప బండి వంక మళ్లీ చూశాడు. దానికి రోజూ ఏదో ఒకటి పెట్టాలన్న సంగతి ఆయన ఊహించినట్టు లేదు. కొంచెంసేపు గడ్డం నిమురుకున్నాడు.

"వస్తాదమ్మా కరెంటు. స్తంభాలు దింపినారంట. వచ్చే ఏడో ఆ పై ఏడో వస్తాది."

"అంతవరకూ నేనెట్ల పోవల్ల సార్?"

"చూడు ఇందుమతమ్మా," అన్నాడాయన. గొంతు హెచ్చించలేదు. "నా అంతట నేను పోలేను అని ఎన్నాళ్లో చెప్పినావు, నిన్ను కదిలించకుండా ఈడే ఉంచినాము. ఇప్పుడు పోగలవని ఊరంతా చూసింది. మళ్లీ పోలేనంటే సంఘంలో ఎవరు నమ్ముతారు? పోనంటే నీ ఇష్టం. ఆ చోటికి వేరే మనిషిని చూసుకుంటాము. ఈడ మాత్రం చోటు లేదు."

ఆయన పోయాక లక్ష్మీకాంతమ్మ వచ్చి పక్కన నిలబడింది. "నేను చెప్పి చూస్తాలే ఇందూ," అంది. దిగిపోతున్న మనిషి మాట చెల్లదని ఇద్దరికీ తెలుసు. ఇందుమతి స్విచ్చి మీద చెయ్యి పెట్టి, తిప్పకుండానే తీసేసింది. ఎండ వసారాలోకి జరిగి, బండి కమ్మీ మీద మెరుస్తోంది. ఇంతకు ముందు ఆ కమ్మీ ఎంత అందంగా ఉండేదో ఆమెకు గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం వలి బాషా బ్యాటరీలు విప్పడానికి వచ్చి, సంగతి విని, పానా చేతిలో పట్టుకునే కూర్చుండిపోయాడు.

"బస్సులో వేసి ఈడికి పంపితే ఛార్జి చేసి పంపుతా టీచరమ్మా," అన్నాడు. వెంటనే తనే తల అడ్డంగా ఊపాడు. "ఆసిడ్ ఒలుకుతాదని బస్సోళ్లు ఎక్కించుకోరు. పులివెందులలో టూరింగు సినిమా ఉంటాది, వాళ్లకు జనరేటరుంది. వాళ్లనడుగు. నా పేరు చెప్పు."

వెళ్లేటప్పుడు గురునాథంతో, "నేను బండి చెయ్యకుండా ఉండాల్సింది సామీ," అన్నాడు. గురునాథం అతని భుజం తట్టాడు.

*

పత్తి దించి ఖాళీగా పోతున్న లారీలో బండినీ సామాన్లనీ ఎక్కించారు. డ్రైవరు పక్కన తండ్రీ కూతుళ్లు కూర్చున్నారు. ఎర్రగుంట్ల దాటి, వేముల మీదుగా పోతుంటే రోడ్డు పక్కన ఇనుప స్తంభాలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మీద పిల్లలు ఎక్కి ఆడుకుంటున్నారు. తీగలు ఎక్కడా లేవు. గురునాథం వేలు చూపి, "అదిగో, వస్తాందమ్మా కరెంటు," అన్నాడు. ఇందుమతి తలూపింది.

బడికి దగ్గరలోనే ఇల్లు చూశారు. బడి మట్టి మిద్దెల వరస. ముందు పెద్ద వాకిలి, ఆపైన ఎత్తుగా వసారా. అక్కడ పనిచేసే ఆయా సైదున్నీసా మొదటిరోజే ఎక్కడినుంచో రెండు టేకు పలకలు తెచ్చి వాలుగా వేసింది. "మా వలి బాషా చెప్పి పంపినాడు. నాకు చిన్నాయన కొడుకు," అంది. పిల్లలు తక్కువగానే ఉన్నారు. బడి మానినవాళ్ల ఇండ్లకు ఇందుమతి బండి మీద పోయింది. దాన్ని చూడడానికే వాకిళ్లలోకి వచ్చిన తల్లులు, మాటల్లో పడి, పిల్లల్ని పంపుతామన్నారు. కొందరు పంపారు కూడా. బండి వెంట వచ్చిన ఆడపిల్లలతో బళ్లో ఒక బెంచీ నిండింది.

ఆమె శక్తిని పొదుపుగా వాడింది. మొదటి గుర్తు దాటనివ్వలేదు. దిగుడు వచ్చినచోటల్లా స్విచ్చి ఆపింది. చక్రాల్లో గాలి తనే కొట్టుకుంది. క్లాసు నుంచి క్లాసుకు పోవడం మానుకుని, పిల్లల్నే తన దగ్గరికి రప్పించుకుంది. సాయంత్రాలు ఊరు చూడాలని ఉన్నా నేరుగా ఇంటికే వచ్చింది. అయినా ఎక్కిందంతా దిగిపోతూనే ఉంది. ఒక పొద్దున స్విచ్చి వేశాక బండి కదలడానికి ఒక క్షణం ఆలోచించింది. ఛార్జి అయిపోవచ్చిందని ఆ క్షణంలో ఆమెకు తెలిసింది.

టూరింగు సినిమా గుడారం ఉన్న చోటికి గురునాథం పోయి చూసి వచ్చాడు. వాళ్లు గుడారం పీకి, వేంపల్లె దాటి ఎటో పోయారట. వడ్ల మిల్లులో ఆయిలింజను ఉంది గానీ దానికి డైనమో లేదు. బస్సు షెడ్డులో అడిగితే, తమ బ్యాటరీలకే దిక్కులేదని నవ్వారు.

"రేపొక్క దినం పోతాది నాయనా. ఆ తర్వాత చూద్దాము," అంది ఇందుమతి.

"నేనుండాను గదమ్మా," అన్నాడాయన.

మరునాడు ఆమె బయలుదేరితే గురునాథం వెనకే వచ్చాడు. రావద్దని ఆమె అనలేదు. బజారులో బండి మనిషి నడక కంటే నెమ్మదిగా పోయింది. అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. బడి గేటు దాటింది. వాకిలి సగం దాటింది. పిల్లలు వసారాలో వరసలుగా నిలబడి ప్రార్థన పాడుతున్నారు. పలకల మొదట్లో ముందు చక్రం ఆనిన తర్వాత, గొలుసు ఒకసారి బిగుసుకుని, సడలింది. ఆమె స్విచ్చిని రెండో గుర్తుకు తిప్పింది. మూడో గుర్తుకు తిప్పింది. సీటు కింద ఏదో ముక్కినట్టు చిన్న శబ్దం వచ్చి ఆగిపోయింది.

పాట పాడుతున్న పిల్లలు ఒక్కొక్కరే ఆపి చూడసాగారు.

"ఉండమ్మా, నేను తోస్తా," అన్నాడు గురునాథం. వద్దనే లోపే వెనక్కి పోయి, బండి వెనక భుజం ఆనించాడు. బ్యాటరీల బరువు, ఇనుము బరువు, కూతురి బరువు. బండి పలకల మీద మూరెడు ఎక్కింది. ఇంకో మూరెడు ఎక్కింది. ఆయన గొంతులోంచి ఒక ధ్వని వచ్చింది. అటువంటి ధ్వని తండ్రి నోట ఇందుమతి ఎప్పుడూ వినలేదు. బండి వెనక్కి జారింది. ఆమె చేతిబ్రేకు లాగి పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, ఆయన నేల మీద మోకాళ్లూని, కడుపు పక్కన రెండు చేతులూ అదుముకుని ఉన్నాడు. ముఖం బూడిదలా అయిపోయింది.

"నాయనా!"

"ఏం లేదు... ఏం లేదమ్మా. ఒక్క నిమిషం. ఎత్తుకుంటా నిన్ను. రోంచేపు ఉండు."

సైదున్నీసా పరిగెత్తుకుని వచ్చింది. గేటు దగ్గర నలుగురైదుగురు మగవాళ్లు చేరారు. "పట్టండప్పా, ఆయమ్మను ఎత్తి లోపల పెట్టేద్దాము," అన్నాడు వాళ్లలో ఒకడు, చేతులు దులుపుకుంటూ. సైదున్నీసా వాళ్లను దూరంగా నిలబెట్టి, "నేనెత్తుకుంటా రా తల్లీ," అని చేతులు చాచింది.

ఆ చేతుల్లోకి పోవడం ఇందుమతికి తెలుసు. మెడ చుట్టూ చెయ్యి ఎట్లా వెయ్యాలో, ఎత్తేవాళ్లకు బరువు తెలియకుండా ఊపిరి ఎట్లా బిగించాలో ఆమెకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఆమె తండ్రి వైపు చూసింది. ఆయన లేవాలని చూస్తున్నాడు. లేవలేకపోతున్నాడు. అయినా ఆయన చేతులు రెండూ ఆమె వైపే చాచి ఉన్నాయి.

"వద్దు," అంది ఇందుమతి. "ఎవరూ ఎత్తద్దండి."

కొంగు నడుము చుట్టూ బిగించి దోపుకుంది. కమ్మీ పట్టుకుని సీటు మీంచి నేల మీదికి దిగింది. కాళ్లు రెండూ ఒక పక్కకు మడిచి, చీర పాదాల మీదికి లాక్కుని, అరచేతులు నేలకు ఆనించి శరీరాన్ని ముందుకు లాక్కుంది. ఇంట్లో తలుపులు వేసుకుని రోజూ చేసే పనే అది. ఏ వీధీ ఎన్నడూ చూడలేదు. ముప్పై ఏళ్లుగా ఎవరూ చూడకుండా ఉండడానికే ఒక మనిషి ఆమెను చేతుల మీద మోశాడు.

పలక మీద ఆమె చేతులు పడుతున్న చప్పుడు, చీర రాసుకుంటున్న చప్పుడు మాత్రమే వినబడుతున్నాయి. మొదటి వరసలో ఒక పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఇందుమతి పలక చివర ఆగి, అరచేతిలో గుచ్చుకున్న చెక్క పేడు తీసేసుకుని, తలెత్తి పిల్లల వైపు చూసింది.

"పాట ఎందుకాపినారు?" అంది. "పాడండి."

ఎవరో ఒక గొంతు అందుకుంది. తర్వాత మిగతా గొంతులు కలిశాయి.

వసారా నేల గచ్చు లేచిపోయి ఉంది. నిండా సన్నరాళ్లు. ఆమె చెయ్యి ముందుకు చాచబోతే, ఆ చోటి మీదికి ఒక నీడ పడింది. గురునాథం ఎట్లా లేచాడో, ఎట్లా పైకి వచ్చాడో ఆమె చూడలేదు. నడుం సగానికి వంగి, ఒక చెయ్యి కడుపుకు అదుముకుని, రెండో చేత్తో భుజం మీది కండువా తీసి, ఆమె ముందు నేల తుడుస్తున్నాడు. రాళ్లు ఒక్కొక్కటీ పక్కకు నెడుతున్నాడు. కూతురి ముఖంలోకి చూడలేదు. పిల్లల వైపు చూడలేదు. గేటు దగ్గర నిలబడినవాళ్ల వైపు చూడలేదు. తుడుస్తూ, వెనక్కి ఒక్కో అడుగే వేస్తూ, ఆఫీసు గది గుమ్మం దాకా పోయాడు.

ఇందుమతి ఆయన తుడిచిన చోటే చేతులు పెట్టుకుంటూ, వెనకే పోయింది.